అవ్వ వేళ్లకు కట్టిన దారం

పోయిన ఆదివారం మా బిడ్డ లావణ్యకు ఒక పార్సిల్ వచ్చింది. అట్టపెట్టెను నా మంచం మీద పెట్టి, దాన్ని కోయడానికి కత్తి కోసం వంటింట్లోకి పోయింది. అంటించిన టేపును గోటితో గీకి లాగడం అందరికీ చిన్న పని. మా ఇద్దరికీ కాదు. గట్టిగా లాగితే బొటనవేలు కీలు దగ్గర పక్కకు జారుతుంది. జారితే ఆ పూటంతా ఆ చేతితో చెంబు కూడా ఎత్తలేము. పెట్టె తెరవగానే కొత్త రబ్బరు వాసన గదంతా కమ్మింది. లోపల ఉన్నవాటిని లావణ్య ఒక్కొక్కటే తీసి దుప్పటి మీద పెడుతుంటే, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూసి నేను పేర్లు చదివాను. మోకాళ్లకు తొడుగులు. మణికట్టుకు పట్టీ, దాని లోపల సన్నటి ఇనుప బద్ద. లావు పిడి ఉన్న చెంచా. సీసా మూత తిప్పడానికి రబ్బరు బిళ్ల. మెడ కింద పెట్టుకునే దిండు. కీళ్ల మీద అంటించే చర్మం రంగు టేపు, దాన్ని తీసేటప్పుడు తోలు ఊడిరాకుండా రాసుకునే నూనె. చివరికి ఒక చిన్న సంచి. అందులో ప్లాస్టిక్ ఉంగరాలు, పెద్దవి, నడిమివి, చిన్నవి. రెండు సున్నాలను ఏటవాలుగా అతికించినట్టు, ఎనిమిది అంకె ఆకారంలో ఉన్నాయి. వేలికి తొడిగితే ఒక సున్నా కీలుకు పైన, ఇంకోటి కింద పడుతుంది. రెండూ కలిసే చోటు కీలు అడుగున ఆనుకుంటుంది. వేలు ముందుకు వంగుతుంది, వెనక్కి విరగదు.

నేను ఒకటి తీసి చూపుడువేలికి పెట్టుకుని, వేలు వంచి చూశాను. అందులో నాకు కొత్తది ప్లాస్టిక్ ఒక్కటే. ఆ కట్టు, ఆ వంపు, రెండు చుట్లూ కలిసే చోటు వేలి అడుగున పడేలా తిప్పడం, ఇవన్నీ మా అవ్వ, నన్ను కన్నతల్లి, బీడీలు కట్టే దారంతో రోజూ చేసినవే.

లావణ్య నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పేది. చెప్పేది అని ఎందుకంటున్నానంటే, దసరా సెలవుల తర్వాత మళ్లీ పోలేదు. సెలవులకు ముందు ఒకరోజు బోర్డు మీద పైవరుసలో రాస్తుండగా కుడి భుజం జారింది. పిల్లల ముందే కూలబడి, ఎడమచేత్తో భుజాన్ని పట్టుకుని, దాన్ని తానే లోపలికి నెట్టుకుంది. ఒక పిల్ల భయపడి ఏడ్చిందట. బోధన్‌లో ఒక్కదాన్నే ఉండేదాన్ని, అప్పటి నుంచి వచ్చి లావణ్య ఇంట్లోనే ఉంటున్నాను. సాయం చేయడానికి వచ్చానని చెప్పుకుంటాను. నిజానికి పచ్చడి సీసా మూత నేనూ తీయలేను. అల్లుడు పని నుంచి వచ్చేదాకా ఆ సీసా మా ఇద్దరి మధ్య అలాగే కూర్చుంటుంది. లావణ్య కూతురు అక్షిత మాత్రం మమ్మల్ని చూసి నవ్వుతుంది. దానికి ఏడేళ్లు.

ఇన్నేళ్లూ లావణ్యకు బలహీనత అన్నారు, రక్తం తక్కువ అన్నారు, క్యాల్షియం గోళీలు ఇచ్చారు. మొన్న హైదరాబాద్‌లో ఒక చిన్న వయసు డాక్టరమ్మ దగ్గరికి పోయాము. ఆమె ఎక్స్‌రే ఫొటోలు, రక్తపరీక్షల కాగితాలు పక్కకు పెట్టి ముందుగా లావణ్య చేయి పట్టుకుంది. చిటికెనవేలును వెనక్కి వంచింది. అది నిటారుగా లేచి, ఇంకా వెనక్కి పోయింది. బొటనవేలిని ముంజేతి మీదికి నొక్కింది. పోయి ఆనుకుంది. మోచేతులు చూసింది, మోకాళ్లు చూసింది, వంగి అరచేతులు నేలకు ఆనించమన్నది. ముంజేతి మీది తోలును రెండు వేళ్లతో పట్టి లాగితే గుడ్డలా లేచి వచ్చింది. తర్వాత ఆమె నా వైపు తిరిగి, "అమ్మా, మీ చెయ్యి కూడా ఒకసారి ఇవ్వండి" అన్నది. ఇచ్చాను. నా చిటికెనవేలు పట్టుకుని ఆమె వెనక్కి వంచుతుంటే చేయి లాక్కోబోయాను. నొప్పితో కాదు. ఈ పరీక్ష నాకు ఇంతకు ముందే అయింది. అప్పుడు నాకు ఏడేళ్లో, ఎనిమిదేళ్లో.

మా ఊరు బోధన్‌కు దగ్గర. చుట్టూ చెరుకు. గానుగ సీజన్ మొదలైతే ఫ్యాక్టరీకి పోయే బండ్లు మా ఊరి రోడ్డు మీద మైలు పొడుగున ఆగి ఉండేవి. ఉడికిన చెరుకు పాలు, మడ్డి, ఎద్దుల పేడ, అన్నీ కలిసిన తీపి వాసన ఊళ్లోకి వచ్చేది. మా ఇంట్లోకి వచ్చేసరికి ఆ వాసన తంబాకు ఘాటుతో కలిసిపోయేది. ఎందుకంటే మా ఇంట్లో, మా వాడలో ప్రతి ఇంట్లో, ఆడవాళ్లు బీడీలు చేసేవాళ్లు. బాపు చెరుకు బండి తోలేవాడు. అవ్వ మాత్రం చెరుకు నరకడానికి పోలేదు. ఆమె తోలు ఉల్లిపొర లాంటిది. చెరుకాకు గీరితే అందరికీ గీత పడుతుంది, అవ్వకు నోరు తెరుచుకున్నట్టు చీలేది. మానిన తర్వాత ఆ మచ్చ వెడల్పుగా, పల్చగా, ముడతలు పడి మిగిలేది. చెరుకు ఊళ్లో పుట్టి చెరుకు గడ పళ్లతో చీల్చి తినలేని మనిషి ఆమె. ఒకసారి చీల్చబోతే దవడ పక్కకు జరిగి నోరు మూతపడలేదట. అప్పటి నుంచి బాపు తెచ్చిన గడను కత్తితో చిన్న చిన్న ముక్కలు చేసి, అవి కూడా మాకే పెట్టేది.

ఆ రోజు మా వాడలోని ఆడవాళ్లంతా మా ఇంటి ముందు అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లందరిలో పెద్దది గంగవ్వ. ఆమె చేతిలో పెరిగినవాళ్లే మిగతావాళ్లందరూ. నేను బడి నుంచి వచ్చి పలక గోడకు ఆనించి నిలబడ్డాను. బండ్లు ఆగిన చోట బండివాళ్లకు వేళ్లు వెనక్కి వంచి చూపిస్తే చెరుకు ముక్క ఇచ్చేవాళ్లు. ఆ రోజు నాకు రెండు దొరికాయి. ఏం చేసి సంపాదించావని గంగవ్వ అడిగితే చూపించాను. ఆమె చాట పక్కన పెట్టి, నా చేయి తన ఒళ్లోకి లాక్కుంది. చిటికెనవేలు వెనక్కి వంచింది. బొటనవేలు ముంజేతికి ఆనించింది. వేళ్లన్నీ కలిపి మణికట్టు దాకా వంచి వదిలింది. అచ్చం డాక్టరమ్మ చేసినట్టే, అదే వరసలో.

"నర్సీ, నీ గండం గడిసిందే" అన్నది మా అవ్వతో. "గీ పోరిది బీడీ చెయ్యి. ఎంత మెత్తగున్నదో సూడు. గీ ఏళ్లు పలక పట్టెటియి గావు."

మా దిక్కు అప్పట్లో అదొక నమ్మకం. ఆడపిల్ల వేళ్లు వెనక్కి ఎంత వంగితే చేయి అంత మంచిదని, ఆకును అంత సన్నగా చుడుతుందని. పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు పాట పాడమనేవాళ్లు కాదు. బీడీలు వస్తాయా అని అడిగి, చేయి పట్టుకుని వేళ్లు వంచి చూసేవాళ్లు. నన్ను చూడవచ్చినప్పుడు మా అత్త చేసింది కూడా అదే. వేళ్లు వంచి, మురిసి, అక్కడికక్కడే ఒప్పుకున్నది. మెత్తని చేయి వేగంగా చేస్తుందన్నది నిజమే. మొదటి కొన్నేళ్లు. తర్వాత ఆ మెత్తదనమే చేతిని తింటుందని ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్పలేదు.

గంగవ్వ ఆ మాట అనగానే ఆడవాళ్లంతా నవ్వారు, నన్ను దగ్గరికి తీసుకున్నారు. నాకు ఎవరెస్టు ఎక్కినంత గర్వం. అవ్వ ఒక్కతే నవ్వలేదు. లేచి లోపలికి పోయింది. నేను వెంట పోయాను. ఆమె దారపు ఉండ నుంచి జానెడు దారం తెంపి, నా చూపుడువేలికి ఒక చుట్టు కీలుకు పైన, ఒక చుట్టు కింద వేసి, అడుగున ముడి తిప్పింది. ఎందుకని అడిగితే ఇంకో వేలు చాపమన్నది. అప్పటిదాకా ఆమె వేళ్లకు ఉన్న దారాలు పనిలో భాగమనుకున్నాను. వేలికి దారం కట్టుకుంటేనే బీడీకి దారం కట్టగలుగుతారని అనుకున్నాను. ఆ రోజు తర్వాత మళ్లీ బడికి పోలేదు. పలకను అవ్వ పారేయలేదు. బియ్యం కుండ మీద మూతగా పెట్టింది.

అవ్వ పొద్దు ఎట్లా గడిచేదో నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నది. బీడీలు చుట్టే తునికాకు, ముందు రోజు తడిపి గోనెసంచిలో చుట్టినది, పొద్దునకల్లా మెత్తబడేది. అవ్వ లేచి మొదట దారాలు కట్టుకునేది, రెండు చేతులవీ కలిపి ఆరు వేళ్లకు, కొస పళ్లతో పట్టి బిగించి. తర్వాత మోకాళ్లకు బాపు పాత ధోతి చించిన పేలికలు చుట్టుకునేది. అవి చుట్టుకోకుండా గొంతు కూర్చుంటే లేవగానే మోకాలి చిప్ప పక్కకు పోయేది. చాట ఒళ్లో పెట్టుకుని, కొలతకు రేకు ముక్క ఆకు మీద పెట్టి కత్తెరతో కోసేది. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, చిన్న ఇనుపపుల్లతో మూతి మడిచేది. ఎడమ మోచేతి కింద ఊక నింపిన మూట ఉండేది. అది లేకపోతే చేయి బరువుకే భుజం దిగిపోయేది. ఒక్కోసారి మూట ఉన్నా దిగేది. అప్పుడు చాట దించి, మంచం మీద బోర్లా పడుకుని, ఆ చేతిని కిందికి వేలాడేసి, నిండు నీళ్ల చెంబు పట్టుకునేది. మమ్మల్ని మాట్లాడొద్దనేది. కొంతసేపటికి లోపల టక్కుమని చిన్న చప్పుడయ్యేది. లేచి మళ్లీ చాట ఒళ్లోకి తీసుకునేది. సాయంత్రం ఆముదం వెచ్చచేసి, జిల్లేడాకు మీద రాసి, కీళ్ల మీద వేసుకునేది. ఉప్పు మూట కాపేది. వీటిలో ఏదీ నయం చేస్తుందని ఆమె ఎన్నడూ అనలేదు. రేపటి చాటకు సరిపోతే చాలన్నట్టు చేసేది.

మధ్యాహ్నం బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోవాలి. చాట మీద గుడ్డ కప్పి, గడప దగ్గర ఆగి, అవ్వ తన వేళ్ల దారాలన్నీ విప్పేది. నావీ విప్పేది. విప్పకపోతే ఏమవుతుందో నాకు ఒకసారి తెలిసింది. నేను మరిచిపోయి దారాలతోనే పోయాను. కార్ఖానా వరసలో ఒకామె నా వేళ్లు చూసి పక్కామెతో ఏదో గుసగుసలాడింది. ఆ పక్కామె జరిగి నిలబడింది. తిరిగి వస్తుంటే అవ్వ నా చేయి ఎంత గట్టిగా పట్టుకున్నదంటే మణికట్టు మీద నాలుగు వేళ్ల నీలం మచ్చలు పది రోజులు ఉన్నాయి. మా తోలుకు అంతే చాలు.

"ఏళ్లకు కట్లు సూస్తే జనం ఏమనుకుంటరో ఎరుకేనా? డిచ్‌పల్లి దవాఖానకు పోవాల్సినోళ్లు అనుకుంటరు" అన్నది. "దారం ఇంట్లకే. గడప దాటితే చెయ్యి చెయ్యి లెక్కనే ఉండాలె."

డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు పాత దవాఖాన ఒకటి ఉన్నది. అక్కడివాళ్లు ఎంతోమందికి నయం చేసి పంపారని నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను. అప్పుడు మా వాడలో ఆ ఊరి పేరు చెబితేనే పిల్లలు నోరు మూసేవాళ్లు. వేళ్లకు కట్టు ఉన్న మనిషి చేసిన బీడీని నోట్లో ఎవరు పెట్టుకుంటారు? కార్ఖానావాళ్లు ఆకు ఇవ్వడం ఆపేస్తే ఇల్లు ఎట్లా గడుస్తుంది? అందుకే ఊరి ముందు మా వేళ్లకు ఏమీ ఉండేది కాదు. ఊరంతా చూసింది గంగవ్వ చెప్పిన మెత్తని చేతినే.

హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సు డిచ్‌పల్లి దాటుతుండగా లావణ్య కిటికీ దిక్కు చూస్తూ, నన్ను చూడకుండానే అడిగింది.

"అమ్మా, నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు నువ్వు నా చెయ్యి గట్లనే పట్టుకొని సూసినవు. యాదికున్నదా?"

"ఉన్నది."

"ఎంత సంబురపడ్డవో."

అంతే అన్నది. నిజమే, సంబరపడ్డాను. లావణ్య చిటికెనవేలు పట్టుకుని వంచినప్పుడు అది నా వేలి కన్నా ఎక్కువ వంగింది. గంగవ్వ మాటే నా నోట్లోకి వచ్చింది. వాడలో అందరికీ చెప్పుకున్నాను. బడి మాన్పించలేదు, అంత మాత్రం చేశాను. కానీ బడి నుంచి రాగానే చాట ముందు కూర్చోబెట్టాను, పదో తరగతి దాకా. అవ్వ అప్పటికి మంచంలో ఉన్నది. లావణ్య వేళ్లకు దారాలు కట్టమని రెండుసార్లు చెప్పింది. ముడులు అడ్డం వస్తే బీడీ వంకర పోతుందని నేను కట్టలేదు. ఆమె పోయాక కూడా ఆ మాట తలుచుకోలేదు. డాక్టరమ్మ అయితే నా తప్పేమీ లేదన్నట్టే మాట్లాడింది. ఇది పనితో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది, కీళ్లనూ తోలునూ పట్టి ఉంచే నారే మీ ఒంట్లో వదులుగా తయారవుతుంది అని విడమరిచి చెప్పింది. ఎవరో ఇద్దరు పరాయి దేశపు డాక్టర్ల పేర్లు కలిపి పెట్టిన జబ్బు అది. దీనికి మందు లేదన్నది. చిన్నప్పటి నుంచి కీళ్లను కాపాడుకుంటే అరిగిపోవడం కొంత తగ్గుతుంది అన్నది. ఆ ఒక్క ముక్క దగ్గర లావణ్య నా వైపు చూసింది.

డాక్టరమ్మ ఇంకొకటి కూడా చెప్పింది. తల్లి నుంచి పిల్లకు సగానికి సగం రావచ్చని, అక్షితను కూడా ఒకసారి తీసుకురమ్మని. లావణ్య తలూపింది. తీసుకుపోలేదు. ఇంటికి వచ్చాక, అక్షిత చేయి ఎవరూ పట్టుకుని చూడొద్దని మాకు గట్టిగా చెప్పింది. "నా బిడ్డ చెయ్యి వంచి ఎవ్వలు సూడొద్దు. మంచికి గాదు, చెడ్డకు గాదు" అన్నది. ఆ తర్వాత వంటింట్లో గిన్నెలు సర్దుతూ, మామూలు మాట అడిగినట్టు అడిగింది. అక్షిత పుట్టినప్పుడు మూడు నెలలు నువ్వే గదా స్నానం పోసినవు, ఏమన్న తెలిసిందా అని. ఏం లేదు బిడ్డా అన్నాను.

అబద్ధం చెప్పాను. పురిటి స్నానాలు నేనే పోశాను, బోధన్‌లో, పెరట్లో. చిన్న పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టి, నువ్వుల నూనె పట్టించి, పెసరపిండితో రుద్ది, కాగిన నీళ్లు పోసి, చివరికి కుడి చేయి ఎడమ కాలితో, ఎడమ చేయి కుడి కాలితో కలిపి సాగదీసేదాన్ని. ఆ పని వాడలో ఎంతమంది పిల్లలకు చేశానో. పసిపిల్లల చేతులు లోపలి నుంచి బిగువుగా ఉంటాయి. సాగదీస్తే ఏడుస్తారు, చేయి వెనక్కి లాక్కుంటారు. పదకొండో రోజు అక్షిత చేయి పట్టి సాగదీస్తే అది ఏడవలేదు. చేయి వస్తూనే ఉన్నది. ఎక్కడా ఆగలేదు. వేడి నీళ్లలో నానిన తునికాకు ఎట్లా వస్తుందో అట్లా వచ్చింది. నేను వదిలేశాను. తువ్వాలులో చుట్టి లావణ్య పక్కన పడుకోబెట్టి, నీళ్లు చల్లబడ్డాయని చెప్పాను. ఆ తర్వాత స్నానాలు పోశాను గానీ చేతులు కలిపి సాగదీయలేదు. అప్పటికి జబ్బుకు పేరు తెలియదు. కానీ నాకు తెలుసు. మా అవ్వ ఆ రోజు అరుగు మీద నుంచి లేచి లోపలికి పోయింది ఎందుకో ఆ పెరట్లోనే తెలిసింది.

పెళ్లయి కొన్నేళ్లకు నా చేతులు పడిపోవడం మొదలైనప్పుడు అవ్వను అడిగాను. నీకు ముందే తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదని. ఆమె కోపగించుకోలేదు. "చెప్తే ఏమైతుండె? చెయ్యి మారుతుండెనా?" అన్నది. నేను ఆ జవాబును చాలా ఏళ్లు ద్వేషించాను. అక్షిత విషయంలో ఏడేళ్లు నేను నాకు చెప్పుకున్న జవాబు కూడా అదే.

బీడీలు పూర్తిగా మానేశాక నాకు యాభై దాటి చదువు వచ్చింది. లావణ్యే నేర్పింది. పెన్సిలు సన్నగా ఉండి వేళ్ల మధ్య నుంచి జారిపోయేది, గట్టిగా పడితే కీలు జారేది. లావణ్య సైకిల్ ట్యూబు పట్టీ కోసి పెన్సిలుకు చుట్టి, బొటనవేలంత లావు చేసి ఇచ్చింది. ఇది రాస్తున్నది కూడా అట్లాంటి పెన్సిలుతోనే, రోజుకు పది పన్నెండు వరుసలు, మధ్యలో ఉప్పు మూట కాపుకుంటూ. ఇప్పుడు ఉప్పు మూట బదులు కరెంటుతో వేడెక్కే సంచి వచ్చింది. ఊక మూట బదులు దిండు, పేలికల బదులు తొడుగులు, దారం బదులు ఉంగరం. అప్పుడు దీనికి పేరు లేదు, ఇప్పుడున్నది. మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మొన్న పక్కింటామె చక్కెర కోసం వస్తే, లావణ్య తలుపు తీసే ముందు మణికట్టు పట్టీ విప్పి సోఫా దిండు కింద పెట్టడం చూశాను. ఆమెకు అవ్వ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మరి ఎవరు నేర్పారో.

ఆదివారం పెట్టెలోని వస్తువులన్నీ తీసి చూసుకున్నాక లావణ్య ఉంగరాలు తొడిగి చూసుకుంది. పెద్దవి నా బొటనవేళ్లకు, నడిమివి తన వేళ్లకు సరిపోయాయి. చిన్నవి నాలుగు మిగిలాయి. చిటికెనవేలి మొదటి కీలు కూడా దాటలేదు. ముందు గదిలో అక్షిత నేల మీద బోర్లా పడుకుని రంగులు వేస్తున్నది. మోచేతులు రెండూ లోపలి దిక్కు వంగి, విరిగిన కొమ్మల్లా ఉన్నాయి. అది రోజూ అట్లాగే పడుకుంటుంది. లావణ్య ఆ గదికి వీపు పెట్టి కూర్చుని, చిన్న ఉంగరాలను మళ్లీ సంచిలో వేసి, సంచిని అట్టపెట్టెలో పెట్టి, మూత మడిచింది.

"ఇవి మన ఇంట్ల ఎవ్వలకు పట్టయి. వాపస్ పంపిస్త" అన్నది.

నేను మాట్లాడకుండా ఉండొచ్చు. అది అలవాటైన పనే. పెట్టె మూత మీద ఆమె చేయి ఉన్నది, దాని మీద నా చేయి పెట్టాను.

"ఆ చిన్నయి ఉండనీ బిడ్డా."

లావణ్య ముందు గది దిక్కు తిరిగి చూడలేదు. నా ముఖం చూసింది, తర్వాత కిందికి, నా చేయి దిక్కు చూసింది.

"ఎప్పటి సంది ఎరుక?" అన్నది.

"స్నానం పోసిననాటి సంది."

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడేళ్లమ్మా అన్నది, చాలా మెల్లగా, అక్షితకు వినపడకుండా. చిన్నప్పటి నుంచి కాపాడుకుంటే అని డాక్టరమ్మ అన్న మాట మా ఇద్దరి మధ్య ఉన్నది. అవ్వ అడిగిన ప్రశ్న నేను లావణ్యకు జవాబుగా చెప్పలేకపోయాను. చెబితే చేయి మారేది కాదు. కానీ నాలుగో తరగతిలో వాళ్లమ్మ వేళ్లకు కట్టని దారాలు ఈ పిల్ల వేళ్లకైనా దానికి మూడేళ్లప్పుడే కట్టేవాళ్లం.

లావణ్య పెట్టె మూత తెరిచింది. సంచి బయటికి తీసి, చిన్న ఉంగరం ఒకటి అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది. ఏడేళ్ల పిల్ల వేలు పెరుగుతూ ఉంటుంది గదా, ఈ సైజు ఎన్ని నెలలు వస్తుందో, ఆ తర్వాత ఏ సైజు, ఎన్నేళ్లు పెట్టాల్సి ఉంటుందో ఉంగరాల సంచిలో వచ్చిన కాగితం మీద ఉన్నదేమో చూడమన్నది. కళ్లద్దాలు పెట్టుకుని కాగితం తీసుకున్నాను. పైనుంచి కింది దాకా చదివాను. వెనక్కి తిప్పి, సన్న అక్షరాల్లో ఉన్నది కూడా వేలు పెట్టి ఒక్కొక్క మాటగా చదివాను. చేతులు ఎట్లా కడగాలో ఉన్నది, ఉంగరాన్ని ఎండలో పెట్టొద్దని ఉన్నది. ఆమె అడిగింది అందులో లేదు.